తల్లుల గదిలో స్పీకరు

మార్చి 4

పిచ్చుకకు,

నీ ఇంటి మీదా నీ చేతి పని మీదా ప్రభువు నీడ ఉండాలని అడుగుతూ అన్నయ్య రాస్తున్నది. నా నంబరు నీ ఫోన్లో మోగకుండా చేసి నాలుగేళ్ళు దాటింది కనుక కాగితం పట్టాల్సి వచ్చింది. చిరునామా బావ ఇచ్చాడు. ఇవ్వడానికి చాలాసేపు నీళ్ళు నమిలాడు పాపం. అతన్ని ఏమీ అనకు.

మేం క్షేమం. మీ వదినకు మోకాలి నొప్పి తగ్గింది. నా సంగతి నీకు తెలిసిందే, వారమంతా లిఫ్టుల రిపేరు, ఆదివారం వాక్యం. మొన్న ఒక పదకొండంతస్తుల ఆఫీసులో లిఫ్టు ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఇరుక్కుంది. లోపల ఒక లావుపాటి లాయరు. నలభై నిమిషాలు తలుపు సందులోంచి ఆయనతో మాట్లాడుతూనే పని చేశాను. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కోర్టులో అంత గర్జించే మనిషికి చెయ్యి చల్లగా, చిన్నపిల్లాడి చెయ్యిలా ఉంది.

అసలు సంగతికొస్తాను. మన సంఘంలో ఒక విశ్వాసికి ఈమధ్య గుండె దడ, చేతులు వణకడం. నలుగురిలో మాట పెగలదు. గుండె డాక్టర్లు తిరగేసి మరగేసి చూసి, గుండె రాయిలా ఉంది, మనసు డాక్టర్ని చూడండని చీటీ రాసిచ్చారు. ఎవరి కంటా పడకుండా ఫోన్లోనే ఆ థెరపీ చేస్తారట కదా. నీకు ఆ అనుభవం ఉందని అడుగుతున్నాను. ఏం అడుగుతారు? చెప్పింది రికార్డు చేసుకుంటారా? దేవుణ్ణి పక్కన పెట్టమంటారా? బయటికి పొక్కుతుందా? ఆ విశ్వాసి చాలా సిగ్గుపడుతున్నాడు, అంటే సిగ్గుపడుతున్న మనిషి. వివరంగా రాయి.

ప్రభువు సేవలో,
అన్నయ్య


మార్చి 11

అన్నయ్యగారికి,

ఉత్తరం అందింది. పిచ్చుక అని రాయకండి. ఆ పేరు మీరు మైకులో చెప్పారు.

నా పని ఇప్పుడు పళ్ళ సెట్లు చేసే ల్యాబులో. డాక్టర్లు తీసి పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టరు పిండి పోసి, ఆరాక పళ్ళు కూర్చడం. రోజుకు ఇరవై ముప్పై నోళ్ళు నా బల్ల మీదికొస్తాయి. ఎవరు నిద్రలో పళ్ళు కొరుకుతారో, ఎవరు ఒక పక్కనే నములుతారో నాకు తెలిసిపోతుంది. అచ్చు మీద పేరుండదు, నంబరే. ఈ ఉద్యోగంలో నాకు నచ్చిందల్లా అదే.

మీ విశ్వాసికి చెప్పండి. ముందు ఒక ఫారం పంపుతారు. నిద్ర, తిండి, మందులు, ఇదివరకటి జబ్బులు. ఏదైనా ప్రమాదం అనిపిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఒక గడి ఉంటుంది, అది ఖాళీగా వదలకూడదు. సెషన్ యాభై నిమిషాలు. మొదట, మీరు ఎక్కడ కూర్చున్నారు, దగ్గర్లో ఎవరైనా ఉన్నారా, లైను తెగితే ఏం చేద్దాం అని అడుగుతారు. చెప్పింది ఎవరికీ చెప్పరు. ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప, ఆ మాట కూడా ముందే చెబుతారు. రికార్డు చెయ్యరు, చెయ్యాలంటే మన అనుమతి కావాలి. దేవుణ్ణి పక్కన పెట్టమని నన్నెవరూ అనలేదు. సలహాలు కూడా పెద్దగా ఇవ్వరు. ఎక్కువసేపు వింటారు. మొదటి రెండు మూడు సార్ల తర్వాత మనసు తేలికవడానికి బదులు బరువెక్కుతుంది. అప్పుడు మానెయ్యకూడదు. ఆ మనిషితో పొసగకపోతే ఇంకొకర్ని అడగొచ్చు, తప్పు కాదు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. పక్కన మంచినీళ్ళు ఉంచుకోవాలి. అయ్యాక వెంటనే పనిలోకి పరిగెత్తకూడదు.

ఆ విశ్వాసి వదినే అని నాకు అర్థమైంది. మోకాలి నొప్పి తగ్గిందని మీరు పనిగట్టుకుని రాసినప్పుడే తెలిసింది. ఆమెను వెళ్ళనివ్వండి. అన్నిటికంటే ముఖ్యం, ఆమె చెప్పిందేదీ ప్రసంగాల కోసం మీరు రాసుకునే ఉదాహరణల పుస్తకంలోకి ఎక్కించకండి. కడుపులో ఏడో నెల బిడ్డ పోయాక, బతకాలని లేదని నేను మీకొక్కరికే చెప్పాను. థెరపీకి వెళ్తున్నానని చెప్పాను. మూడో ఆదివారానికి ఆ రెండూ 'అవిశ్వాసం' అనే శీర్షిక కింద హాలంతా మోగాయి. ఆమెకు ఆ గతి పట్టకూడదు.

ఇట్లు,
మీ చెల్లెలు


మార్చి 16

చెల్లికి,

నీ ఉత్తరంలో 'మీరు' అని ఉంది. చిన్నప్పుడు నా చొక్కా చేతిని పట్టుకు వేలాడిన దానివి, నన్ను మీరు అన్నావు. నాకు తగిందే.

మీ వదిన కాదు. ఆమెకు మోకాలి నొప్పి నిజంగానే తగ్గింది. ఆ విశ్వాసిని నేనే.

ఈ ఒక్క ముక్క రాయడానికి నాలుగు కాగితాలు చించాను. ప్రవక్త వచ్చి రాజుకు ఒక పేదవాడి గొర్రెపిల్లను కాజేసినవాడి కథ చెబుతాడు గుర్తుందా? రాజు మండిపడి, ఆ దొంగను వదలకూడదంటాడు. అప్పుడు ప్రవక్త వేలు రాజు వైపే తిరుగుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ కథ చెబుతున్నాను. ఇరవై ఏళ్ళూ వేలు చూపించేవాడి పక్కనే నిలబడి చెప్పాను. సింహాసనం మీద కూర్చుని ఒక్కసారి కూడా వినలేదు.

ఫిబ్రవరి రెండో ఆదివారం ప్రసంగం సగంలో నోరు తెరిచాను, మాట రాలేదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. బల్ల పట్టుకుని నిలబడ్డాను. నూట ఇరవైమంది చూస్తున్నారు. గొంతు పట్టేసిందని సైగ చేసి దిగిపోయాను. అప్పట్నుంచీ సంఘానికి గొంతు నొప్పి అనే చెబుతున్నాను. మీ వదినా అదే నమ్మి రోజూ ఉప్పునీళ్ళు పుక్కిలించమంటోంది. అబద్ధానికి పుక్కిలిస్తున్నాను చెల్లీ, పూటకో గ్లాసు.

ఎందుకు ఆగిందో నాకు తెలియదు. సెషన్ కుదిర్చాను, ఏప్రిల్ రెండు, మంగళవారం మూడు గంటలకు. ఫారం నింపాను. ఆ ఒక్క గడి ఖాళీగా ఉంది. ఇంట్లో తెలియదు, సంఘంలో తెలియకూడదు. నీ నంబరు రాయనా?

అన్నయ్య


మార్చి 22

అన్నయ్యా,

నువ్వే అయితే ఇక 'మీరు' ఎందుకులే. కోపం వస్తే నాకు నువ్వు అనే అలవాటు.

మొదటి ఉత్తరంలో నువ్వు ఇంకొకరి ముసుగు వేసుకొచ్చావు. నా సంగతి చెప్పినప్పుడు మాత్రం ముసుగు వెయ్యలేదు. 'నా సొంత చెల్లెలు, మా ఇంటి పిచ్చుక' అన్నావు. నీకు సిగ్గేస్తే అడ్డానికి ఒక విశ్వాసి దొరికాడు. నాకు దొరకలేదు.

అయినా వెళ్ళు. తప్పకుండా వెళ్ళు. నా మీద ఒట్టేసి చెబుతున్నా, అక్కడ నిన్ను ఎవరూ తిట్టరు. కెమెరా చూసి నిటారుగా కూర్చోనక్కర్లేదు, కోటు వేసుకోకు. మౌనం వస్తే రానీ, దాన్ని నింపాలని చూడకు. ఇయర్‌ఫోన్లు మర్చిపోకు.

నా నంబరు రాయకు. వదినది రాయి. నీ ప్రాణం ప్రమాదంలో ఉందని నాకు ఫోనొస్తే నేను తట్టుకోలేను, రాకపోయినా దాని కోసం ఎదురుచూస్తూ బతకాలి. ఆమెకు చెప్పు.

చెల్లెలు


ఏప్రిల్ 3

చెల్లికి,

నవ్వుతావో చీదరించుకుంటావో నీ ఇష్టం, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కోటు వేసుకున్నాను. మీ వదిన చూసి ఎవరి పెళ్ళి అంది. గొంతు డాక్టరు దగ్గరికన్నాను. హాలుకు వెళ్ళి తలుపులు వేసుకుని, ప్రసంగం బల్ల మీద ఫోను నిలబెట్టి, దాని ముందు నిలబడ్డాను. అవును, నిలబడే. ఇయర్‌ఫోన్లు నా చెవిలో నిలవవు. అయినా ఆదివారం పాటల కోసం నా ఫోను హాలు స్పీకర్లకు దానంతటదే కలుస్తుంది కదా, ఆవిడ గొంతు హాయిగా, పెద్దగా వినబడింది. ఖాళీ హాలు, నాకేం భయం?

ఆవిడ తెర మీదికి రాగానే, మొదట ప్రార్థన చేద్దాం అన్నాను. సరే, మీ ఇష్టం అంది. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి తొమ్మిది నిమిషాలైంది. తర్వాత మనిషి మనసు గురించి వాక్యంలో ఉన్నదంతా చెప్పాను. ఎడారిలో నలభై ఏళ్ళు తిరిగినవాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆవిడ ఎక్కడా అడ్డు రాలేదు. నాకు హుషారొచ్చింది. నెలన్నర తర్వాత మొదటిసారి గొంతు తెగకుండా మాట్లాడుతున్నాను, చెయ్యి కూడా ఊపుతున్నాను. గడియారం చూస్తే పన్నెండు నిమిషాలే మిగిలాయి.

అప్పుడావిడ మెల్లగా, "మీరు చాలా బాగా మాట్లాడతారు. ఇదంతా ఎవరికి చెబుతున్నారు?" అంది.

ఏమో, తల ఎత్తి చూశాను. నూట ఇరవై కుర్చీలు, ఖాళీవి.

"కూర్చుంటారా?" అంది.

కూర్చున్నాను. మొదటి వరసలో, వినేవాళ్ళ కుర్చీలో. ఆ కుర్చీలు అంత గట్టిగా ఉంటాయని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. తర్వాత ఆవిడ రెండు ప్రశ్నలు అడిగింది. ఎప్పట్నుంచి నిద్ర లేదు అని ఒకటి. రెండోది నువ్వు ఊహించగలవు, అది అందరినీ అడుగుతారట. ఔనన్నాను. ఒక్కసారి, పనిలో, పై అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి కిందికి చూస్తున్నప్పుడు, ఒక్క క్షణం. ఆవిడ బెదిరిపోలేదు, వాక్యమూ చెప్పలేదు. ఇది నాకు చెప్పినందుకు థాంక్స్, అంది. ఆ గడి నింపేదాకా వారానికి రెండుసార్లు నాకు ఫోన్ చేస్తానంది. పై అంతస్తుల పని వద్దని మా మేస్త్రీకి ఏదో ఒక సాకు చెప్పమంది. చెప్పాను.

ఇంటికి నడుస్తుంటే పుస్తకం తీసి ఇదంతా రాసుకున్నాను. 'గర్వం' కింద మంచి ఉదాహరణ అవుతుందనిపించింది.

అన్నయ్య


ఏప్రిల్ 11

అన్నయ్యా,

ఎడారి దాకా చదివి పడీ పడీ నవ్వాను. ల్యాబులో పక్కనున్నామె పిండి కలపడం ఆపి మరీ చూసింది. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది. తర్వాత మాటలు చదివి బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఆ ఆఖరి ముక్క చదివాక లేచి నిలబడ్డాను.

నీకొక జబ్బుంది అన్నయ్యా, అది గుండె దడ కాదు. చేతికి దొరికిన ప్రతిదాన్నీ బల్ల మీద పెట్టి ముక్కలు కోసి పంచుతావు. చివరికి నీ బాధకు కూడా శీర్షిక పెట్టావు. ఆ మాట ఆవిడకు చెప్పు. పుస్తకం సంగతి చెప్పు. నీ సెషన్ మొదలయ్యేది అక్కడే.

వదినకు చెప్పావా? చెప్పి ఉండవు. పై అంతస్తుల జోలికి మాత్రం వెళ్ళకు.

చెల్లి


మే 1

చెల్లీ,

ఈ ఉత్తరం రాస్తుంటే చెవులు కాలుతున్నాయి. దాచను.

నిన్న అయిదో సెషన్. మధ్యలో స్పీకర్లు గుర్రుమని ఆగిపోయాయి. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఫ్యూజు పోయిందనుకుని ఒక్క నిమిషం ఆగమని సైగ చేసి, కిందికి దిగాను. మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని పాటల పెద్దమ్మ కూర్చుని ఉంది. అదే, మన పాటలు ఎత్తుకునే ఆమె. ఒళ్ళో హాలు తెర, చేతిలో సూది. నన్ను చూసి, "అప్పుడే అయిపోయిందా బ్రదరూ? ఇంకా ఇరవై నిమిషాలుండాలిగా?" అంది.

రెండు మెట్లు వెనక్కి ఎక్కి, మళ్ళీ దిగాను.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"మొదటి మంగళవారం మేం ముగ్గురం తల్లుల గది తుడుస్తున్నాం. పెట్టెలోంచి ఎవరో ఆడమనిషి గొంతు. నాటకమేమో అనుకున్నాం."

తల్లుల గది చెల్లీ. పసిపిల్లల ఏడుపు హాలుకు వినబడకుండా, తల్లులకు వాక్యం తప్పిపోకుండా, కింద ఆ గది కట్టించి, పైనుంచి తీగ లాగి, గోడకు స్పీకరు బిగించింది ఎవరనుకున్నావు? నేనే. నా చేతులతో. ఆరేళ్ళుగా అది అక్కడే ఉంది. నా ఫోను హాలుతో పాటు ఆ గదికీ కలుస్తుందని నాకు తట్టలేదు.

"ఏం విన్నారు?" అన్నాను.

"ఆమె అడిగింది విన్నాం. చచ్చిపోవాలనిపించిందా అంది. నువ్వేమన్నావో మాకు వినబడదు కదా, నీది ఫోన్లోకే వెళ్తుంది. మేం అడగలేదు, అడగం కూడా. నేను ఆ తీగ పీకేశాను. మిగతా ఇద్దర్నీ ఇళ్ళకు పంపాను. నోరు మెదిపితే పాటల్లోంచి తీసేస్తానన్నాను. అప్పట్నుంచీ మంగళవారం నువ్వు పైకెళ్ళాక వచ్చి ఇక్కడ కూర్చుంటున్నా, ఎవరూ పైకి రాకుండా, నువ్వు దిగేలోపు వెళ్ళిపోతున్నా. గొంతు నొప్పి ఎవరికి ఎట్లా వస్తుందో ఎవరికి తెలుసు. ఫ్యూజు నేను చూస్తాలే, పైకెళ్ళు. ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది."

నాలుగు వారాలు. నాలుగు ఆదివారాలు వాళ్ళు ముగ్గురూ నా ముఖం చూసి, "గొంతెలా ఉంది బ్రదరూ" అని అడిగారు. నేను "పరవాలేదు" అన్నాను. వాళ్ళకు తెలుసు. తెలిసీ మిరియాల పొట్లం తెచ్చిచ్చారు.

చెవినబడ్డ సంగతిని చీర కొంగులో ముడేసి దాచారు ఆ ఆడవాళ్ళు. నా చేతిలో పెట్టిన సంగతిని నేను మైకుకు అందించాను. అదే హాలు. అదే తీగ.

నిశ్చయించుకున్నాను. ఈ వారం కాదు, పన్నెండో తేదీ ఆదివారం బల్ల ఎక్కుతాను. నీకు చేసినదంతా పేరు పెట్టి ఒప్పుకుంటాను. ఎక్కడ గాయం చేశానో అక్కడే కట్టు కట్టాలి. సంఘమంతా కన్నీళ్ళతో నిన్ను క్షమాపణ అడిగేలా చేస్తాను. మీ ఊరికి ప్రసంగం రికార్డు పంపిస్తాను.

మీ వదినకు నిన్ననే చెప్పాను. "గొంతు నొప్పికి కోటు ఎందుకో ఇప్పుడు తెలిసింది" అంది. తర్వాత ఏడ్చింది. గడిలో తన నంబరు రాయమంది. చూస్తే దాని కింద ఇంకో గడి కూడా ఉంది. రెండోది ఖాళీ.

అన్నయ్య


మే 7

అన్నయ్యా,

ఆదివారం లోపు అందాలని ఈ ఉత్తరం మనిషి చేత పంపిస్తున్నాను.

వద్దు. బల్ల ఎక్కి నా గురించి ఒక్క ముక్క కూడా చెప్పొద్దు. నన్ను ఒకసారి 'అవిశ్వాసం' కింద అమ్మావు, ఇప్పుడు 'క్షమాపణ' కింద అమ్ముతావా? సంఘమంతా ఏడిస్తే నీకు బాగుంటుంది. ప్రసంగం పండుతుంది. నా బిడ్డ రెండోసారి మైకులోకి వస్తుంది.

నీకు తెలియని సంగతొకటి రాస్తాను. తెలుసనుకున్నాను ఇన్నేళ్ళూ. నీ ఉత్తరం చదివాకే నీకు తెలియదని అర్థమైంది. ఆ ఆదివారం నేను ఇంట్లో లేను. నీ ప్రసంగం ఎవరో నాకు చేరవేశారనుకున్నావు కదూ? ఎవరూ చేరవెయ్యలేదు. నేను తల్లుల గదిలో ఉన్నాను.

పెద్దమ్మ తీసుకొచ్చింది. బిడ్డ పోయాక పసిపిల్లలున్న చోటికి నేను వెళ్ళడం అదే మొదలు. పక్కామె నాలుగు నెలల పాపను నా ఒళ్ళో పెట్టింది. ఆ పాప నా వేలు పట్టుకుంది. ఇక బతగ్గలనేమో అనుకుంటున్నాను, సరిగ్గా అప్పుడే గోడ మీది పెట్టెలోంచి నీ గొంతు. మా ఇంటి పిచ్చుక. కడుపుకోత. బతకనంది. తెర ముందు కూర్చుని పరాయి మనిషికి మొరపెట్టుకుంటోంది.

గదిలో తొమ్మిదిమంది తల్లులు. ఒక్కరూ నా వైపు చూడలేదు. పాప తల్లి నా చేతుల్లోంచి మెల్లగా పాపను తీసేసుకుంది. తప్పు పట్టను, భయపడింది. పెద్దమ్మ ఒక్కతే కుర్చీ ఎక్కింది, తీగ పీకాలని. అందలేదు. నువ్వు చాలా ఎత్తులో బిగించావు. మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి చాపుతూనే ఉంది, ప్రసంగం అయ్యేదాకా.

నీ సంగతి వచ్చేసరికి అందిందంటే, ఈ నాలుగేళ్ళలో ఆమె అక్కడొక పొడవాటి బల్ల తెచ్చి పెట్టి ఉంటుంది. వెళ్ళి చూడు.

నాకు క్షమాపణ ప్రసంగం అక్కర్లేదు. ఆ పుస్తకంలో నా పేజీ నాకు కావాలి. చించి పంపు.

చెల్లెలు


మే 14

చెల్లీ,

వెళ్ళి చూశాను. ఉంది. తల్లుల గదిలో ఆ స్పీకరు కింద ఒక పొడవాటి బల్ల. దాని మీద పాటల పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ఎవరైనా అడిగితే పుస్తకాల కోసమే అంటుందట. నేను రోజూ దాని పక్కనుంచే నడిచాను.

గది తలుపు వేసుకుని నేల మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ప్రార్థన చేశానని రాయలేను, మాట రాలేదు. ఈసారి రాకపోయినా భయం వెయ్యలేదు.

నీతో ఒక అబద్ధం మిగిలి ఉంది. గొంతు ఎందుకాగిందో తెలియదని రాశాను. తెలుసు. ఆ ఆదివారం అంశం 'అవిశ్వాసం'. పుస్తకం తెరిచాను, నీ పేజీ వచ్చింది. నువ్వు ఊరు విడిచి వెళ్ళిపోయాక కూడా దాన్ని రెండోసారి చదవబోయాను. కొత్తగా చేరినవాళ్ళు, అది విననివాళ్ళు ఉన్నారు కదా అనుకున్నాను. నా చేతిరాతలో నీ మాట, 'అన్నయ్యా, నీకొక్కడికే చెబుతున్నా', అని అలాగే రాసి పెట్టుకున్నాను. దాన్ని పైకి చదవడానికి నోరు తెరిచాను. అక్కడ ఆగింది. ఇవాళ సెషన్లో ఇదే చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టింది. తర్వాత, "ఆగడం మీకు జబ్బులా అనిపించింది కదూ" అంది. అంతే.

ఆదివారం బల్ల ఎక్కలేదు. కింద, మొదటి వరస ముందు నిలబడ్డాను, మైకు లేకుండా. "నా గొంతు బాగానే ఉంది. మీతో అబద్ధం చెప్పాను. నాకు నిద్ర లేదు, భయం ఉంది, వైద్యం చేయించుకుంటున్నాను. మీరు నాకు చెప్పుకున్నవి ఇక ఏ ఆదివారమూ వినబడవు" అన్నాను. అంతకుమించి ఒక్క మాట లేదు. నీ ఊసు లేదు. వెనక వరసలకు వినబడలేదట, వినబడనివాళ్ళు పక్కవాళ్ళనడిగారు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. నేను ఇంతకాలం మాత్రలు పారెయ్యమన్న మనిషి ఆయన. ఆయన ఇంటికి వెళ్ళాలి. ఎలా వెళ్ళాలో ఇంకా తెలియదు.

ఆకాశం నుంచి నిప్పు దింపిన ప్రవక్త కొద్దిరోజులకే ఒక పొద కింద పడుకుని ఇక చాలు, చంపెయ్ అన్నాడు కదా. దేవుడు అతన్ని నిలదియ్యలేదు. పడుకోబెట్టాడు, లేపి రొట్టె పెట్టాడు, మళ్ళీ పడుకోబెట్టాడు. నిప్పు భాగం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. రొట్టె భాగం ఒక్కసారీ చెప్పలేదు. నువ్వు నా దగ్గరికి వచ్చింది రొట్టె కోసం.

పుస్తకాన్ని కాల్చేద్దామనుకున్నాను, సంఘం ముందు మంట పెట్టి. అదీ ఒక ప్రసంగమే అవుతుందని ఆగిపోయాను. పని చేసే చోట బకెట్లో నీళ్ళు పోసి నానబెట్టాను. సాయంత్రానికి నీళ్ళు నీలంగా అయ్యాయి. గ్రీజు చేతులు కడుక్కునే మోరీలో పారబోశాను. నీ పేజీ ఇందులో పెట్టాను. దాని వెనక వేరొకరి సంగతి ఉంది, విడదియ్యడం నా వల్ల కాలేదు. దయచేసి అటు తిప్పకు.

తల్లుల గది స్పీకరు ఇప్పుడు నడుము ఎత్తులో ఉంది. కింద ఒక మీట పెట్టాను. ఎవరైనా ఆపుకోవచ్చు.

అన్నయ్య


మే 23

అన్నయ్యా,

పేజీ అందింది. వెనక్కి తిప్పలేదు. ఒక పక్క మాత్రమే చదవడం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించావా? ల్యాబులో కిటికీ దగ్గర నిలబడితే వెలుగుకు వెనక అక్షరాలు కనబడుతున్నాయని, గోడ వైపు తిరిగి చదివాను. చదివాక అచ్చులకు పోసే పిండిలో కలిపేశాను. ఇప్పుడది ముద్ద. ఎవరి సంగతి ఎవరిదో చెప్పలేం.

నిన్ను క్షమించానా అంటే ఇంకా తెలియదు. నా థెరపిస్టును అడిగాను. తెలియకపోవడం కూడా ఒక జవాబే, తొందరేం లేదు అంది. అది నీకూ చెబుతున్నాను.

ఆ రెండో గడిలో నా నంబరు రాయి.

అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు కదా. ఏడు రోజులు పక్కన నేల మీద కూర్చుని నోరు మెదపరు. అంతవరకూ బంగారం లాంటి స్నేహితులు. ఎనిమిదో రోజు నోరు తెరిచి పాడుచేస్తారు. ఈ కథ నాకు చెప్పింది నువ్వే, నాకు తొమ్మిదేళ్ళప్పుడు.

మంగళవారం నీ సెషన్ అయ్యాక, మంచినీళ్ళు తాగి, కాసేపు ఊరికే కూర్చుని, అప్పుడు ఫోన్ చెయ్యి. మోగుతుంది. స్పీకర్లన్నీ ఆపు, పెద్దమ్మను ఇంటికి పంపు. నా పాప గురించి చెబుతాను. ఏడు నెలలు ఎలా తన్నేదో, ఏ పాటకు ఆగేదో. ఎవరికీ చెప్పనివి. ప్రార్థన చెయ్యకు. వాక్యం చెప్పకు. సారీ కూడా అనకు. మధ్య మధ్యలో ఊఁ అను, చాలు.

పిచ్చుక